కల్లులో కలిసిన నిద్ర

కల్లుకు ఆయుర్దాయం ఒక్క రోజు. తెల్లవారుజామున చెట్టు దిగినప్పుడు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ నురగలు కక్కుతుంది. సాయంత్రానికి ఘాటెక్కుతుంది. మర్నాటికి పులిసి నోట పెట్టుకోవడానికి వీలుకాకుండా పోతుంది. లొట్టిలోకి చుక్క చుక్కగా దిగే తాటినీటిలో నూటికి పది, పన్నెండు పాళ్ళ చక్కెర ఉంటుంది. ఈస్టు మొదలైన సూక్ష్మజీవులు ఆ చక్కెరను ఆల్కహాలుగా మారుస్తాయి. ఎంత పొంగినా ఆ ఆల్కహాలు సాధారణంగా నూటికి నాలుగైదు పాళ్ళ దగ్గరే ఆగుతుంది. అంటే ఈ పానీయానికి ప్రకృతి రెండు కట్టుబాట్లు విధించింది: చెట్టును విడిచి దూరం పోరాదు, మితిమీరి మత్తెక్కించరాదు.

ఈ రెండు కట్టుబాట్లనూ తెంచడానికి జరిగిన ప్రయత్నమే ఉత్తర తెలంగాణాలో కల్తీకల్లు చరిత్ర. తెంచడానికి దొరికిన పనిముట్లు మాత్రం చిత్రమైనవి. నిద్రపట్టని వారికోసం, కారణం లేని భయంతో గుండె దడదడలాడే వారికోసం ఐరోపా, అమెరికా ప్రయోగశాలలలో పుట్టిన ఔషధాలవి. క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, ఆల్ప్రాజోలం. మొదటిదాన్ని మనవైపు ముద్దుగా 'సీహెచ్' అన్నారు. రెండవది జనం నోట 'డైజోఫాం' అయింది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో, పక్కనున్న నిజామాబాదు, మెదక్ జిల్లాలలో లక్షణమైన వైద్యుని ముఖం చూడకుండానే ఈ మందులను ఏళ్ళ తరబడి సేవించిన వారున్నారు. తాము సేవిస్తున్నామన్న సంగతి వారిలో చాలామందికి తెలియదు.

ఆ మందులు మెదడులో ఏం చేస్తాయో తెలిస్తే తప్ప, ఆ మనుషులకు ఏం జరిగిందో తెలియదు. దుకాణాలు మూసిన మర్నాడు ఆసుపత్రులు ఎందుకు నిండాయో అసలే తెలియదు. ఈ వ్యాసంలో రసాయనశాస్త్రాన్నీ, ఊరి చరిత్రనూ పక్కపక్కన పెట్టి చెప్పడానికి కారణం అదే.

చెట్టు, గీత, సర్కారు

తెలంగాణా పల్లెలో కల్లుకు ఒక స్థానం ఉంది. పోచమ్మకు, ఎల్లమ్మకు సాక పోసేది కల్లే. పెళ్ళికి వచ్చిన చుట్టానికీ, చావుకు వచ్చిన చుట్టానికీ పోసేది కల్లే. నాట్లు వేసి, కలుపు తీసి నడుము పడిపోయిన కూలి మనిషికి పొద్దుగూకిన తరువాత ఒంటినొప్పి మరపించేదీ కల్లే. మగవారితో సమానంగా ఆడవారూ తాగుతారు. అందులో చాటుమాటు లేదు. ఆదిలాబాదు అడవులలో గోండులకు ఇప్పచెట్టు ఎలాంటిదో, మైదానపు ఊళ్ళకు తాడు, ఈదు అలాంటివి. నడుముకు ముస్తాదు, భుజాన మోకు తగిలించుకొని, ప్రాణం చెట్టుకు వేలాడదీసి గీసే గౌడులకు అది కులవృత్తి. చెట్టు మీదినుంచి పడి కాళ్ళు పోగొట్టుకున్నవారు, ప్రాణాలు పోగొట్టుకున్నవారు ప్రతి ప్రాంతంలోనూ ఉన్నారు.

ఇంత ప్రీతిపాత్రమైన వస్తువు మీద సర్కారు కన్ను పడకుండా ఉంటుందా? నిజాం రాజ్యంలో ఆబ్కారీ ఖజానాకు ముఖ్యమైన ఆదాయమార్గాలలో ఒకటి. చెట్టుకు పన్ను, దుకాణానికి వేలంపాట. 1948లో రాజ్యం మారింది, 1956లో రాష్ట్రం మారింది, 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చింది. వేలంపాట మాత్రం చాలాకాలం నిలిచింది. గీత కార్మికుల సహకార సంఘాలకు, గీసేవానికే చెట్టు అన్న పద్ధతికి ప్రాధాన్యం తరువాత వచ్చింది. అప్పటికే వేలం తన తర్కాన్ని ఈ వ్యాపారానికి నేర్పింది. చెట్టు తన ఇష్టం వచ్చినంత ఇస్తుంది, తన ఋతువులో ఇస్తుంది. పాటదారు కట్టవలసిన మొత్తానికి ఋతువు లేదు.

గిరాకీ కూడా పెరిగింది. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని బొగ్గుగనుల చుట్టూ పట్టణాలు లేచాయి. సిరిసిల్లలో మరమగ్గాలు రాత్రింబగళ్ళు ఆడసాగాయి. మూడు షిఫ్టులలో పనిచేసేవానికి నిద్రకు వేళ ఉండదు. పగలంతా బీడీలు చుట్టిన ఆడమనిషికి మెడ, వేళ్ళు పీకి రాత్రి నిద్ర రాదు. పనులకోసం గల్ఫుకు పోయిన భర్త కోసం, ఆ ప్రయాణానికి తెచ్చిన అప్పు కోసం బెంగపడే ఇళ్ళు జగిత్యాల ప్రాంతంలో కొల్లలు. నిద్రలేమి, బెంగ ఈ నేల మీద నిజమైన బాధలు. ఇంకోవైపు తాటివనాలు, ఈతవనాలు పొలాలకూ, ఇళ్ళ స్థలాలకూ దారి ఇచ్చి తరిగిపోతున్నాయి. చెట్లు తగ్గుతున్నాయి, గొంతులు పెరుగుతున్నాయి. ఆ రెంటి మధ్య ఖాళీని నీళ్ళు, చక్కెర, సాకరిన్ నింపాయి. కానీ నీళ్ళు కలిపిన కల్లుకు కైపు ఉండదు. ఆ లోటు తీర్చడానికి మందు కావలసివచ్చింది.

పొరపాటున ఫలించిన మందు

మొదట వచ్చింది క్లోరల్ హైడ్రేట్. దీని చరిత్ర నిజాం ఆబ్కారీ కంటే తక్కువ పాతదేమీ కాదు. జర్మన్ రసాయనవేత్త లీబిగ్ 1832లో ఆల్కహాలు మీద క్లోరిన్ వాయువును ప్రయోగించి క్లోరల్‌ను చేశాడు. ముప్ఫయ్యేడేళ్ళు అది సీసాలో పడివుంది. 1869లో బెర్లిన్‌లో ఆస్కార్ లీబ్రైఖ్ అనే ఔషధ శాస్త్రవేత్తకు ఒక ఆలోచన వచ్చింది. క్షారాలతో కలిస్తే ఈ పదార్థం క్లోరోఫారంగా మారుతుంది. రక్తంలో కొద్దిగా క్షారగుణం ఉంటుంది. కనుక దీన్ని మింగితే ఒంట్లో మెల్లమెల్లగా క్లోరోఫారం పుట్టి నిద్ర వస్తుందని అతని ఊహ. మింగించి చూశాడు, నిద్ర వచ్చింది. ఊహ మాత్రం తప్పు. నిజానికి కాలేయం క్లోరల్‌ను ట్రైక్లోరోఇథనాల్ అనే మరో పదార్థంగా మారుస్తుంది, నిద్రపుచ్చేది అది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మన కథకు అది ఆయువుపట్టు. క్లోరల్‌ను మార్చే ఎంజైమూ, మామూలు ఆల్కహాలును విరగ్గొట్టే ఎంజైమూ ఒకటే. రెండూ ఒకేసారి కడుపులో పడితే ఒకదాని పనిలో మరొకటి కలగజేసుకుంటుంది: ఆల్కహాలు విరగడం నెమ్మదిస్తుంది, ట్రైక్లోరోఇథనాల్ పుట్టడం ఎక్కువవుతుంది. రెండు మత్తులు కూడికగా కాక గుణకారంగా పెరుగుతాయి. ఎదుటివానికి తెలియకుండా మద్యంలో క్లోరల్ కలిపి పడగొట్టి దోచుకోవడం పందొమ్మిదో శతాబ్ది చివరి అమెరికాలో దొంగలకు తెలిసిన విద్య. కల్లులో 'సీహెచ్' కలిపినవారు ఈ రసాయనశాస్త్రం చదివి ఉండకపోవచ్చు. అనుభవం వారికి దాన్ని నేర్పింది.

ఐరోపాలో ఈ మందుకు బానిసలైనవారు మొదట పల్లెటూరి వాళ్ళు కాదు. ఆంగ్ల కవి, చిత్రకారుడు డాంటే గేబ్రియల్ రోసెటీ 1870 ప్రాంతంలో నిద్రలేమికి క్లోరల్ మొదలుపెట్టి, దాని చేదు పోవడానికి విస్కీతో పుచ్చుకుంటూ, 1882లో మరణించే నాటికి పూర్తిగా శిథిలమయ్యాడు. లండన్ నగరంలో ధనవంతుల ఇళ్ళలో నడిచిన ఆ మిశ్రమమే, సుమారు నూరేళ్ళ తరువాత, మన కల్లు దుకాణంలో సీసాలకెక్కింది. ఒక్కటే తేడా. రోసెటీకి తాను ఏం తాగుతున్నాడో తెలుసు.

స్టెర్న్‌బాక్ బల్ల మీద మిగిలిన పొడి

ఇరవయ్యో శతాబ్ది మొదటి సగం బార్బిట్యురేట్ల కాలం. 1903లో వెరొనాల్, 1912లో ఫీనోబార్బిటాల్. నిద్ర వచ్చే మోతాదుకూ, ఊపిరి ఆగే మోతాదుకూ మధ్య ఎడం వాటిలో చాలా తక్కువ. అంతకంటే క్షేమకరమైన శాంతికారకం కోసం వెతుకులాట 1950లలో ముమ్మరమైంది.

లియో స్టెర్న్‌బాక్ 1908లో ఏడ్రియాటిక్ సముద్రతీరంలో, నేటి క్రొయేషియాలోని ఒపాటియాలో పుట్టిన యూదుడు. పోలండులోని క్రాకోలో చదువుకొని, యుద్ధకాలంలో, 1941లో, అమెరికా చేరి, న్యూజెర్సీలోని హాఫ్‌మన్-లా రోష్ సంస్థలో పనిచేశాడు. క్రాకో రోజులలో తాను పరిశీలించిన రసాయనాలనే మళ్ళీ ముందు వేసుకొని నలభై దాకా కొత్తవి చేశాడు. ఏదీ పనిచేయలేదు. వేరే పని చూడమన్నారు. 1957లో ప్రయోగశాల సర్దుతుండగా, పరీక్షకు పంపకుండా మిగిలిపోయిన ఒక స్ఫటికపు పొడి సహోద్యోగి కంటబడింది. పారేసే బదులు పంపి చూశారు. దాన్ని తిన్న జంతువులు శాంతించాయి, కండరాలు సడలాయి, అయినా తెలివిలోనే ఉన్నాయి. అదే 1960లో లిబ్రియం పేర అంగడికి వచ్చింది. దాని తమ్ముడు డయాజెపాం 1963లో వేలియం పేర వచ్చింది. బెంజోడయాజెపీన్లు అనే ఈ కుటుంబంలోనే అప్‌జాన్ సంస్థ తయారుచేసిన ఆల్ప్రాజోలానికి అమెరికాలో 1981లో అనుమతి లభించింది.

వీటిలో ప్రమాదం ఉన్నదని లోకానికి ఆలస్యంగా తెలిసిందనుకుంటే పొరపాటు. లిబ్రియం వచ్చిన మరుసటి ఏడే, 1961లో, అమెరికా వైద్యుడు లియో హాలిస్టర్, అతని సహచరులు ఒక పరీక్ష ప్రకటించారు. పెద్ద మోతాదులో ఈ మందును నెలల తరబడి తీసుకున్న పదకొండుగురికి చెప్పకుండా ఒక్కసారిగా ఉత్తి బిళ్ళలు ఇచ్చారు. పదిమందికి కొత్త బాధలు మొదలయ్యాయి: నిద్ర పోయింది, వణుకు, ఆందోళన వచ్చాయి, ఇద్దరికి మూర్ఛలు వచ్చాయి. ఈ 1961 అనే సంవత్సరాన్ని చదువరులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దాని అవసరం పడుతుంది.

మెదడులోని తలుపు

మెదడు పని ఉత్తేజానికీ, నిగ్రహానికీ మధ్య తూకం. ఒక నాడీకణం పక్కదాన్ని 'లే' అనడానికి ఎక్కువగా గ్లూటమేటు అనే రసాయనాన్ని విడుస్తుంది. 'ఆగు' అనడానికి గాబా అనే రసాయనాన్ని విడుస్తుంది. గాబా మెదడులో ఉన్నదని 1950లో తెలిసింది. అది నిగ్రహానికి దూత అని ఆ దశాబ్దంలోనే రుజువు కాసాగింది.

గాబా వచ్చి తట్టే చోటును గ్రాహకం అంటారు. అయిదు మాంసకృత్తు ముక్కలు గుండ్రంగా నిలబడి మధ్యలో సన్నని సొరంగం ఏర్పరచిన నిర్మాణమది. గాబా తట్టగానే సొరంగపు తలుపు తెరుచుకుంటుంది; బయటి క్లోరైడు అయానులు లోపలికి వస్తాయి; వాటి ఋణవిద్యుత్తు వల్ల ఆ కణం ఇక తేలికగా ఉత్తేజపడదు. సరిగ్గా ఈ గ్రాహకం పక్కగోడలోనే బెంజోడయాజెపీన్ కుదురుకునే చిన్న గూడు ఉంది. 1977లో కోపెన్‌హేగన్‌లో ఒక బృందం, బాసెల్‌లో ఇంకొక బృందం విడివిడిగా మెదడులో ఈ మందు అంటుకునే స్థానాన్ని కనుగొన్నాయి. మందు మార్కెట్టుకు వచ్చిన పదిహేడేళ్ళకు గానీ అది ఎక్కడ పనిచేస్తుందో తెలియలేదన్నమాట.

గూట్లో కూర్చున్న మందు తలుపును తానుగా తెరవలేదు. గాబా తట్టినప్పుడు మాత్రం తలుపు మరిన్నిసార్లు తెరుచుకునేలా చేస్తుంది. అందుకే గాబా ఎంత ఉంటే అంతవరకే దాని ప్రభావం. ఒంటరిగా తీసుకుంటే ఊపిరి ఆపడం అరుదు. బార్బిట్యురేట్లు అలా కాదు. తెరిచిన తలుపును మూయనివ్వవు, మోతాదు పెరిగితే గాబా రాకపోయినా తామే తెరుస్తాయి. క్లోరల్ నుంచి పుట్టిన ట్రైక్లోరోఇథనాల్ కూడా ఈ గ్రాహకాన్నే మరోచోట పట్టుకొని దాని పనిని పెంచుతుంది. ఆల్కహాలు కూడా ఈ దారినే నడుస్తూ, పైగా గ్లూటమేటు నోరు కూడా నొక్కుతుంది. ఇప్పుడు ఒక కల్తీకల్లు సీసాను ఊహించండి. అందులో ఒకే తలుపును మూడు వైపులనుంచి తోసే ముగ్గురు ఉండవచ్చు. వైద్యులు కలిపి తీసుకోవద్దని చీటీ మీద గీత గీసి చెప్పే మిశ్రమం అది.

ఒకే మందు నిద్రకూ, భయానికీ ఎలా పనిచేస్తుంది? గ్రాహకపు అయిదు ముక్కలు అంతటా ఒకే రకం కావు. 1999లో, తరువాతి ఏడాది వెలువడిన ఎలుకల పరీక్షలలో, జ్యూరిక్ శాస్త్రవేత్తలు ఒక్కో రకం ముక్కలో చిన్న మార్పు చేసి చూశారు. ఆల్ఫా-1 ముక్క మారిన ఎలుకలకు డయాజెపాం మత్తు పట్టలేదు, భయం మాత్రం తగ్గింది. ఆల్ఫా-2 ముక్క మారిన వాటికి మత్తు వచ్చింది, భయం తగ్గలేదు. నిద్ర ఒక దారి, ధైర్యం ఒక దారి. మందు రెండు దారులనూ ఒకేసారి తొక్కుతుంది. కొత్త జ్ఞాపకాలు పాతుకునే పనిని కూడా చెరుపుతుంది. రాత్రి దుకాణంనుంచి ఇంటికి ఎలా వచ్చాడో పొద్దున గుర్తు లేదనే మనిషి అబద్ధమాడుతున్నాడని ఇల్లాలు అనుకోవచ్చు. అతని మెదడు ఆ రాత్రిని అసలు వ్రాసుకోనే లేదు.

తూకం లెక్క

మూడు మందుల వరుసకు కారణం తూనికలో ఉంది. నిద్రకు క్లోరల్ అర గ్రాము నుంచి గ్రాము దాకా కావాలి. కిలో పొడిలో వెయ్యి, రెండువేల మోతాదులు. డయాజెపాం అయిదు మిల్లీగ్రాములు చాలు. కిలోలో రెండు లక్షల మోతాదులు. ఆల్ప్రాజోలం అర మిల్లీగ్రాము చాలు. కిలోలో ఇరవై లక్షల మోతాదులు. గోనెసంచిలో రావలసింది మెల్లగా చొక్కా జేబులోకి ఒదిగింది. దాచడం తేలికైంది, పట్టుకోవడం కష్టమైంది.

ముడిసరుకూ దగ్గరే. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ ప్రభుత్వ సంస్థ హైదరాబాదులో నెలకొల్పిన కర్మాగారంతో మొదలై, నగరం చుట్టూ మందుల ముడిపదార్థాలు చేసే పరిశ్రమ దేశంలోనే పెద్దదిగా ఎదిగింది. లోకానికి చవక మందులందించిన గొప్ప విద్య అది. ఆ విద్య తెలిసినవారిలో కొందరు మూతపడిన షెడ్లలో దొంగచాటుగా ఆల్ప్రాజోలం వండి కల్లు దుకాణాలకు అమ్ముతూ పట్టుబడడం ఈ ఏళ్ళలో పదేపదే జరిగింది. మాదకద్రవ్యాల నిరోధానికి 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం కింద ఆల్ప్రాజోలం వంద గ్రాములకు మించితే వాణిజ్య పరిమాణం. కనీసం పదేళ్ళ కఠిన శిక్ష. వంద గ్రాములంటే రెండు లక్షల మోతాదులు, అనగా ఒక చిన్న పట్టణానికి కొన్ని రాత్రుల నిద్ర.

ఇక్కడే ఒక అన్యాయం కూడా చెప్పుకోవాలి. గీసేవాడు వేరు, కలిపేవాడు వేరు. మోకు మీద వేలాడి దించిన స్వచ్ఛమైన కల్లుకు మందుకల్లు అలవాటైన నాలుక విలువ ఇవ్వదు. 'ఇందులో కైపు లేద'ని తిప్పికొడుతుంది. కల్తీ చేయని గీత కార్మికునికి గిరాకీ పోతుంది, కల్తీ చేసినవాని చెడ్డపేరు మాత్రం కులమంతటికీ చుట్టుకుంటుంది.

తాడు తెగిన మోట

మెదడు తన తూకాన్ని ఎవరికీ అప్పగించదు. రోజూ బయటినుంచి 'ఆగు' అన్న మాట ఎక్కువగా వస్తుంటే, అది రెండు పనులు చేస్తుంది. గాబా గ్రాహకాలను మందు మాటకు సరిగా స్పందించకుండా మందగింపజేస్తుంది. గ్లూటమేటు వైపు ఉత్తేజాన్ని పెంచుతుంది. అందుకే కొన్ని వారాలకే పాత మోతాదు చాలదు. ఒక సీసా రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అప్పటికి ఆ మనిషి మత్తుకోసం తాగడం లేదు. మామూలుగా ఉండడంకోసం తాగుతున్నాడు.

మోటబావి దగ్గర నిండు బొక్కెనను లాగుతున్న ఎద్దులను తలచుకోండి. అవి తమ శక్తినంతా ముందుకు పెట్టి ఉన్నాయి. తాడు పుటుక్కున తెగితే అవి నిలబడవు, బోర్లా పడతాయి. మందు తటాలున ఆగిన మెదడు స్థితి అదే. బరువు పోయింది, లాగే బలం అలాగే ఉంది. నిద్ర పూర్తిగా పోతుంది. చేతులు వణుకుతాయి, చెమటలు కారుతాయి, గుండె పరుగెడుతుంది. లేనివి కనబడతాయి, వినబడతాయి. మనిషి సంధిలో పడి లేచి పరుగెత్తుతాడు. మూర్ఛలు వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు.

ఎంత త్వరగా పోయే మందైతే తాడు అంత హఠాత్తుగా తెగుతుంది. డయాజెపామూ, దానినుంచి ఒంట్లో పుట్టే పదార్థాలూ రోజుల తరబడి రక్తంలో ఉంటాయి. ఆల్ప్రాజోలం సుమారు పదకొండు గంటలలో సగానికి తగ్గిపోతుంది. నిన్న తాగినవానికి రేపటికే బాధ మొదలవుతుంది. అంటే వ్యాపారి తూకం చూసుకొని ఎంచుకున్న మందే, మానడానికి అన్నిటికంటే కష్టమైన మందు.

ఈ స్థితిని పల్లె తనకు తెలిసిన పేర్లతో పిలిచింది. గాలి సోకిందన్నారు, దయ్యం పట్టిందన్నారు, పిచ్చి ఎక్కిందన్నారు. మంత్రం వేయించారు, కట్టేశారు. చివరికి ఎవరో ఒక సీసా తెచ్చి పోస్తే మనిషి నెమ్మదించాడు. దానితో అందరికీ ఒక పాఠం బోధపడింది: కల్లు లేకపోతే రోగం, కల్లే మందు. ఆ పాఠంలో నిజం ఉంది. అందువల్లనే అది అంత బలంగా నాటుకుంది.

మూసిన తలుపులు

సర్కారుకు తోచిన మార్గం దాడులు, మూసివేతలు. 2004లో హైదరాబాదు నగరంలో కల్లు దుకాణాలు మూతపడ్డాయి. తెలంగాణా రాష్ట్రం ఏర్పడిన 2014లో మళ్ళీ తెరుచుకున్నాయి. 2015లో కల్తీ మీద దాడులు తీవ్రమయ్యాయి. మందు కలపడం ఆగింది, లేదా బాగా తగ్గింది. వెంటనే నిజామాబాదు మొదలైన జిల్లాలలో వందలాది మంది వణుకుతో, మూర్ఛలతో, మతి చలించి ఆసుపత్రుల పాలయ్యారు. చూసినవారికి అది వింతగా తోచింది: విషం తాగినప్పుడు బాగున్న మనుషులు విషం మానగానే పడిపోవడమేమిటని. హాలిస్టర్ పదకొండుగురి మీద చూపించినది ఇదే. ఆ పరీక్షకూ ఈ సంఘటనకూ మధ్య యాభై నాలుగేళ్ళు గడిచాయి. శాస్త్రం తెలియక జరిగిన ఉత్పాతం కాదిది. వైద్యశాస్త్రానికి తెలిసిన సంగతి ఆబ్కారీ శాఖ నిర్ణయంలోకి ప్రవేశించకపోవడం వల్ల జరిగినది.

2020 మార్చిలో కరోనా కట్టడి వచ్చి మద్యం, కల్లు దుకాణాలన్నీ ఒక్కరోజులో మూతపడినప్పుడు అదే మళ్ళీ జరిగింది. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి, మానేసిన బాధతో వచ్చేవారి తాకిడి ఒక్కసారిగా పెరిగింది. వాహనాలు నడవని ఆ రోజులలో ఎర్రగడ్డకు రాలేని ఊళ్ళ సంగతి ఊహించుకోవలసిందే. ఆదిలాబాదులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైందే 2008లో. అడవి అంచున ఉన్న పల్లెకు మానసిక వైద్యుడు అప్పటికీ దూరపు చుట్టమే.

అలాగని వదిలేస్తే? 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు చనిపోయారు. ఆ కల్లులో ఆల్ప్రాజోలం ఉన్నట్టు పరీక్షలలో తేలింది. కలుపుతూ పోతే చావు, ఉన్నట్టుండి ఆపితే చావు. ఈ రెంటి మధ్య ఇరుకుదారి ఒకటి ఉంది.

ఇరుకుదారి

ఆ దారి పేరు మెల్లగా తగ్గించడం. ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో హెదర్ ఆష్టన్ అనే వైద్యురాలు 1982 నుంచి 1994 దాకా, బెంజోడయాజెపీన్లు మానాలనుకునేవారి కోసమే ఒక చికిత్సాలయం నడిపారు. వారంతా వైద్యుడు చీటీ వ్రాసిస్తే వాడినవారే. త్వరగా పోయే మందును దానికి సమానమైన డయాజెపాంలోకి మార్చడం, ఆ పైన వారానికో, రెండు వారాలకో సుమారు పదోవంతు చొప్పున తగ్గించడం ఆమె పద్ధతి. తెగిన తాడు స్థానంలో మెల్లగా వదిలే తాడు. మెదడుకు తన తూకం తాను సరిచేసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. మన ప్రభుత్వ ఆసుపత్రులలో కూడా వైద్యులు చేసేది సూత్రప్రాయంగా ఇదే. కష్టమల్లా ఒకటి: న్యూకాసిల్ రోగికి తన మోతాదు తెలుసు. సిరిసిల్ల మరమగ్గం కార్మికునికి తెలియదు. ఈ రోజు సీసాకూ రేపటి సీసాకూ పొంతన ఉండదు. అతని మోతాదు మరొకరి చెంచా. అందువల్ల వైద్యుడు వణుకునూ, చెమటనూ, నాడినీ చూసి అంచనా కట్టవలసి ఉంటుంది. అందుకు రోగి ఆసుపత్రి దాకా రావాలి. వస్తే తిడతారనో, పట్టిస్తారనో భయం ఉండరాదు.

2015లోనే మొదలైన హరితహారంలో ఈత, తాటి మొక్కలు నాటడమూ ఒక భాగమైంది. మంచి పని. కానీ తాటిమొక్క గీతకు రావాలంటే పన్నెండు, పదిహేనేళ్ళకు తక్కువ పట్టదు. చెట్టు పెరిగేదాకా ఆ మెదడు ఆగలేదు.

మందుకల్లు తాగినవారిని మనం తాగుబోతులన్నాము. ఆ మాట వారికి సరిపోదు. వారు చీటీ లేకుండా, పేరు లేకుండా, మోతాదు లేకుండా, అంగీకారం లేకుండా నిద్రమందు మీద పెట్టబడిన రోగులు. వారికి అసలు నిద్రలేమి ఉండి ఉండవచ్చు, బెంగ ఉండి ఉండవచ్చు. వాటిని ఎవరూ అడగలేదు. నేరం చేసినవానికి శిక్ష పడవలసిందే, దుకాణం మూయవలసిందే. కానీ ఆ దుకాణం ఏ రోజు మూయబోతున్నారో ఆబ్కారీ అధికారి మొదట చెప్పవలసింది ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి. దాడికి బయలుదేరే ముందురోజుకే అక్కడ డయాజెపాం నిల్వ ఉండాలి, దాన్ని మెల్లగా తగ్గించడం తెలిసిన వైద్యుడు ఉండాలి, ఆ దుకాణంలో రోజూ తాగేవారి జాబితా అతని బల్ల మీద ఉండాలి.